కాలువ గట్టున పాడి: పేడ ఎటు పోవలెను?



వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో, పట్టణము నడుమ పారు కాలువ ఏదైనను సరే, ఒకసారి దాని గట్టు వెంట నడచి చూడుడు. నీరు నిండుగా పారునపుడు కనబడని సంగతులు అప్పుడు కనబడును. గేదెల పాక గట్టున కానుకొని యున్న చోట, పాక వెనుక నుండి కాలువ అడుగు వరకు ఒక నల్లని చార దిగియుండును. అడుగున మిగిలిన గుంటలలో నీరు చిక్కని ఆకుపచ్చగా గాని, తారు వలె నల్లగా గాని మారి, అందుండి బుడగలు లేచుచుండును. ఆ బుడగలు ఏమిటో, ఆ చార ఖరీదెంతో, ఆ నీరు తరువాత ఎవరి బిందెలోనికి పోవునో చెప్పుటకే ఈ పాఠము.

పట్టణములో నాలుగు గేదెలను కట్టుకొని పాలమ్మి బ్రతుకు పాడిరైతునకును, ఊరిలో పొలము చేసికొను సేద్యగానికిని ఇది సమానముగా సంబంధించిన విషయము. మొదటివాని వద్ద పేడ ఎక్కువై వేయుటకు చోటు లేదు. రెండవవాని పొలమున పెంట చాలక భూమి బిగిసిపోవుచున్నది. వీరిద్దరి నడుమ కాలువ పారుచున్నది.

నీరు ఎచ్చటి నుండి ఎచ్చటికి

విజయవాడ సంగతే తీసికొందము. అచ్చట కృష్ణకు అడ్డముగా 1855 నాటికి ఆనకట్ట కట్టిరి. 1952లో దానికి గండిపడగా, దాని బదులు ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తియైనది. దీని క్రింద 13 లక్షల ఎకరములకు పైగా సాగగుచున్నది. ఎడమ గట్టు వైపు బయలుదేరు ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ పొలములను చేరుటకు ముందు నగరములో నుండియే పోవలసియున్నవి. 1951లో ఆ పట్టణ జనాభా లక్షన్నర పైచిలుకు. 2011 నాటికి అది 10 లక్షలకు మించినది. జనము పెరిగినట్లు కాలువలు పెరుగలేదు. 2015 నుండి గోదావరి నీటిని పట్టిసీమ వద్ద మోటార్లతో ఎత్తి, కృష్ణా డెల్టాకు తెచ్చుచున్నారు. అనగా ఇప్పుడు కాలువలో పారు నీరు దానంతట అది వచ్చిన నీరు కాదు. కరెంటు ఖర్చు పెట్టి తెచ్చుకొన్న నీరు కూడ అందు కలదు.

బందరు కాలువ ఏ దిక్కునకు పోవునో దాని పేరే చెప్పుచున్నది. సముద్రమునకు దగ్గర పడుకొలది భూమిలోని నీరు ఉప్పన. బావి త్రవ్వినను, బోరు వేసినను ఉప్పునీరే పడును. అందుచేత శివారు గ్రామములవారు కాలువ వచ్చునపుడే ఊరి మంచినీటి చెరువులను నింపుకొని, ఆ నీటినే వడగట్టి, మందు కలిపి, వేసవి కాలమంతయు త్రాగుదురు. కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులు చేయువారికిని కాలువ నీరే ఆధారము. విజయవాడలో గట్టున పాక కడిగిన మనిషికి ఈ శివారు గ్రామము కనబడదు. అక్కడ బిందె ముంచుకొను ఇల్లాలికి ఈ పాక కనబడదు. ఇద్దరినీ కలుపునది నీరొక్కటే.

పేడ నీటిలో పడినచో జరుగు పని

నీటిలో ప్రాణవాయువు కరగియుండును. చేపలు దానినే పీల్చుకొని బ్రతుకును. మన వేసవి వేడికి శుభ్రమైన నీటిలోనైనను లీటరుకు 8 మిల్లీగ్రాములకు మించి ఇది నిలువదు. పేడ నీటిలో పడగానే కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని తినివేయుటకు పూనుకొనును. అవి పని చేయుటకు ప్రాణవాయువు కావలెను. ఉన్నది అవి పీల్చివేయగా చేపలకు మిగులదు. అదియు అయిపోయిన తరువాత, ప్రాణవాయువు లేకయే బ్రతుకగల వేరొక జాతి జీవులు ప్రవేశించి, పేడను కుళ్ళబెట్టును. మీరు గుంటలో చూచిన బుడగలు వాని పనియే. కోడిగ్రుడ్డు కుళ్ళిన వాసన వచ్చుటయు అందుచేతనే. గోబరు గ్యాసు తొట్టిలో జరుగు పనియే ఇక్కడను జరుగుచున్నది. కాని ఇక్కడ దానితో అన్నము ఉడుకదు.

దీనికి ఒక చిన్న లెక్క కలదు. ఒక పెద్ద గేదె ఒక దినమున వేయు పేడ కుళ్ళుటకు మొదటి 5 దినములలోనే సుమారు అరకిలో ప్రాణవాయువు కావలెను. లీటరుకు 8 మిల్లీగ్రాముల చొప్పున చూచినచో ఇది 60 వేల లీటర్లకు పైబడిన నీటిలో ఉండు ప్రాణవాయువు. మంచినీరు తోలు 5 వేల లీటర్ల ట్యాంకరులను మీరు చూచియుందురు. అట్టివి పన్నెండు. ఒక గేదె, ఒక దినము. మనుష్యులతో పోల్చినచో ఒక గేదె నీటికి పెట్టు భారము పదిమంది పెట్టు భారమునకు తక్కువ కాదు. కావున ఇరువది గేదెల పాక కాలువలోనికి కడిగినచో, రెండువందల గడపల మాట కాకున్నను, రెండువందల మనుష్యుల మురుగు వదలినట్లేయగును.

నిండుగా పారు కాలువలో ఈ నష్టము అంతగా తెలియదన్నది నిజమే. పారు నీరు గాలి నుండి ప్రాణవాయువును మరల తీసికొనుచుండును. కాని వంతుల వారీగా నీరు విడుచునపుడు, కాలువ కట్టివేసినపుడు, గుర్రపుడెక్క అడ్డుపడి నీరు నిలిచినపుడు ఆ వీలు లేదు. గుర్రపుడెక్క అట్లు బలియుటకు కారణములలో పేడయు ఒకటి. పేడ, మూత్రములలోని నత్రజని, భాస్వరము పొలమున వరికి పోసినట్లే కాలువలో డెక్కకు పోయును. తూడు, డెక్క తీయుటకు ప్రతి ఏట ఖర్చు పెట్టుచున్నాము. దానికి ఎరువు వేయుచున్నదియు మనమే.

శివారు గ్రామపు మంచినీటి చెరువులో జరుగు సంగతి ఇంకొకటి కలదు. నీటిలో క్లోరిను కలుపుట రోగక్రిములను చంపుటకు. నీటిలో పేడ వంటి కుళ్ళు పదార్థములున్నచో క్లోరిను ముందుగా వానితో చేరి ఖర్చయిపోవును. క్రిములకు మిగులునది కొంచెము. అందుచే ఎప్పుడును కలుపు కొలత ప్రకారమే మందు కలిపినను, పిల్లలకు విరేచనములు పట్టుకొనవచ్చును. అట్టి ఊరిలో నీరు తెర్లి కొంతసేపు మరగిన తరువాత దింపి త్రాగుట శ్రేయస్కరము. దోమల సంగతియు చెప్పవలసినదే. బోదకాలు వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ శుభ్రమైన నీటి కంటె ఇట్టి మురికి నీటినే కోరి గ్రుడ్లు పెట్టును.

జలగ మరల మీ పాకకే వచ్చును

కాలువకు జరుగు నష్టము ఊరివారిదని ఊరకుండువారు సైతము ఈ భాగమును శ్రద్ధగా చదువవలెను. కార్జపు జలగ వ్యాధి డెల్టాలోని గేదెల పాలిటి శాపము. జలగ పశువు కార్జములో ఉండి గ్రుడ్లు పెట్టును. అవి పేడతో బయటికి వచ్చును. ఆ పేడ పొడినేల మీద ఎండినను, పెంటకుప్పలో కాగినను గ్రుడ్లు చచ్చును. నీటిలో పడినచో మాత్రము, మన వేడిమికి సుమారు రెండు వారములలో పిల్లలగును. ఆ పిల్ల ఈదుకొనుచు పోయి, గట్టు వారనుండు ఒక జాతి నత్తలో దూరును. నత్త కడుపులో కొన్ని వారములు పెరిగి, ఒకటి వందలై బయటపడి, నీటి అంచున నున్న గడ్డి పరకలకు అంటుకొని గట్టి పెంకు కట్టుకొనును. ఆ గడ్డిని మేసిన గేదెకు జలగ పట్టును.

ఈ చక్రమున మనచేతిలో నున్న అంకె ఏదో గమనించితిరా? నత్తలన్నిటిని చంపజాలము. గట్టు గడ్డిని మేపవలదన్నను బీదరైతు వినజాలడు. వానికి వేరు గడ్డి లేదు. పేడ నీటిలో పడకుండ ఆపుట ఒక్కటియే సులభమైన పని. పొట్ట జలగలకును, ముక్కు గురక వ్యాధి కలిగించు జలగలకును ఇదే తీరు: పశువు, నీరు, నత్త, మరల పశువు.

దవడ క్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడుట, పారుడు, కనురెప్పల లోపలి భాగము పాలిపోవుట, పాలు తగ్గుట, తిన్న మేత ఒంట బట్టకపోవుట కార్జపు జలగ గుర్తులు. ఇవి కనబడినచో పేడను కొంచెము శుభ్రమైన డబ్బీలో వేసికొని పశువుల ఆసుపత్రికి తీసికొనిపోయి పరీక్ష చేయించవలెను. మందు ఏదో, మోతాదు ఎంతో డాక్టరుగారే నిర్ణయింపవలెను. చూడి పశువులకు కొన్ని జలగ మందులు పనికిరావు. దుకాణములో ఎవరో చెప్పినదానిని పట్టి త్రాగించి ఈడ్చుకొనిపోయినవారు కలరు. మందు త్రాగించి, మరునాడు ఆ పేడనే కాలువలో వేసినచో చేసిన ఖర్చు కాలువ పాలే.

"మా తాతల నాటి నుండి కడుగుచుంటిమి"

ఈ మాట గట్టు మీద ప్రతి చోట వినవచ్చును. తాతల నాటి మాట నిజమే. కాని నాడు ఊరి గేదె పగలంతయు పొలముల వెంట మేసి, పేడను పొలముననే వేసి, సాయంకాలము ఒకసారి కాలువలో పొర్లి ఇంటికి వచ్చెడిది. నేటి పట్టణపు గేదె ఇరువదినాలుగు గంటలు గుంజ కడనే నిలిచియుండును. మేత ఎంతో దూరము నుండి బండి మీద వచ్చును. అనగా పొలముల సారమంతయు పట్టణమునకు చేరి, ఆ పాకలో పేడయై, అక్కడనుండి కదలదు. అలవాటు పాతది; పేడ లెక్క క్రొత్తది.

మరికొందరు "ఊరి మురుగంతయు కాలువలోనే కలియుచుండగా మా పేడ మాత్రమే కనబడినదా?" అందురు. ఈ ఫిర్యాదు న్యాయమైనది. పట్టణ కాలువలను పాడుచేయుచున్న వానిలో ఇండ్ల మురుగు, చెత్త, ప్లాస్టిక్కు మొదలగునవి చాల ఉన్నవి. నేరమంతయు గేదెల మీద త్రోయుట ధర్మము కాదు. కాని ఇండ్ల మురుగును శుద్ధిచేయుటకు కోట్ల రూపాయల యంత్రములు కావలెను. అది మునిసిపాలిటీ పని. పేడను ఆపుటకు పారయు, బుట్టయు, ఒక గుంటయు చాలును. అదియునుగాక మురుగును కొనువాడు లేడు, పేడను కొనువాడు కలడు.

చట్టము సంగతియు తెలిసియుండుట మంచిది. 1974లో వచ్చిన జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టము ప్రవాహములలో కాలుష్యము కలుపుటను నిషేధించినది. ప్రవాహమనగా నదులు, వాగులే కావు. మనుష్యులు త్రవ్విన కాలువయు ఆ మాటలో చేరును. తాత్కాలికముగా ఎండియున్న కాలువయు చేరును. కట్టివేసిన కాలువలో పేడ వేసిన తప్పు లేదనుకొనుట పొరబాటు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో పాడి శాలలకును గోశాలలకును ప్రత్యేకముగా మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. వాని మూలమున పట్టణములలోని పాకలు ఊరి వెలుపలకు పోవలసిన వత్తిడి పెరుగుచున్నది. పేడను శుభ్రముగా పంపివేయు పాడిరైతునకు ఇరుగుపొరుగువారి ఫిర్యాదులు తక్కువగా వచ్చుననుట వేరుగా చెప్పనక్కరలేదు.

గడ్డి తెచ్చిన బండి

గేదె దినమునకు 15 కిలోలకు తగ్గకుండ పేడ వేయును. ఏడాదికి అయిదున్నర టన్నులు. పచ్చి పేడలో నూటికి 80 పాళ్ళు నీరే అయినను, మిగిలిన దానిలో నత్రజని సుమారు 16 కిలోలుండును. మూత్రము దినమునకు 8 లీటర్లని తక్కువగా వేసికొన్నను, ఏడాదికి 29 కిలోల నత్రజని. రెండును కలిసి 45 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 21 కిలోలకు కొంచెము తక్కువ. కావున కాలువలో కడుగు ప్రతి గేదె వెనుక ఏటా రెండు బస్తాలకు పైగా యూరియా కొట్టుకొని పోవుచున్నది. భాస్వరము, పొటాష్, నేలను గుల్లబరచు జీవపదార్థము ఈ లెక్కలో చేరలేదు. నిలువ చేయుటలో నత్రజని కొంత ఆవిరియై పోవును. శ్రద్ధ లేనిచో సగము పోవును. అయినను సగము మిగులుట సున్న మిగులుట కంటె మేలు కదా. ఇంకొక మాట: నత్రజనిలో ఎక్కువ పాలు పేడలో కాక మూత్రములో ఉన్నదని ఈ లెక్కలో చూచితిరి. మన రైతులు పేడకు ఇచ్చు గౌరవములో నాల్గవ వంతైనను మూత్రమునకు ఇచ్చుట లేదు.

పట్టణపు పాడిరైతు దగ్గర గుంట త్రవ్వుటకు స్థలము లేదన్నది అసలైన చిక్కు. దీనికి నేను చెప్పు ఉపాయము చాల సామాన్యమైనది. పట్టణమునకు వరిగడ్డి, పచ్చిగడ్డి తెచ్చు ట్రాక్టరు గాని ఆటో గాని తిరుగు ప్రయాణమున ఖాళీగా పోవుచున్నది. బాడుగ మాత్రము రానుపోను ఇచ్చుచున్నారు. ఆ ఖాళీ బండి పేడతో పోవలెను. గడ్డి ఏ రైతు పొలము నుండి వచ్చినదో ఆ రైతు పొలమునకే పెంట పోవుట కంటె న్యాయమైన బేరము వేరొకటి లేదు. గడ్డి ధరలో కొంత తగ్గించి పేడను తీసికొనుట, లేక పేడకు వేరుగా వెల కట్టుట వారిలో వారు మాటాడుకొనవలసిన విషయము. కొందరు వానపాముల ఎరువు చేయువారు, మొక్కల నర్సరీలవారు పేడను స్వయముగా వచ్చి ఎత్తుకొందురు. వారికి కావలసినది మట్టి, ప్లాస్టిక్కు, సూదులు, సీసా పెంకులు లేని పేడ.

ఎన్ని దినములకొకసారి పంపవలెను? ఎనిమిది గేదెల పాకలో దినమునకు 120 కిలోలు. వారమునకు 840 కిలోలు. ట్రాక్టరు తొట్టి నిండుటకు ఇరువది దినములు ఆగవచ్చును గాని ఈగ అంతవరకు ఆగదు. వేసవిలో ఈగ గ్రుడ్డు పెట్టిన ఎనిమిది పది దినములలో పురుగై, పిదప క్రొత్త ఈగయై ఎగురును. కావున ఏడు దినములలో ఒకసారి పాక ఖాళీ కావలెను. చిన్న పాకలవారు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక బండి మాటాడుకొన్నచో బాడుగ కలిసివచ్చును. ఆ వారము దినములు పేడను గట్టున కాక, పాక లోపలి వైపు గచ్చు చేసిన మూలలో కప్పు క్రింద పోగుచేసి, మీద ఊకగాని ఎండుగడ్డి పొట్టుగాని చల్లవలెను. పిడకలు చేయువారు గట్టు వాలున కొట్టుట మానవలెను. ఒక్క జల్లు చాలును, పిడకలన్నియు కాలువలోనికి దిగుటకు.

పాక కడుగుట

పాక శుభ్రము చేయుటలో ఒకే సూత్రము: ముందు పార, తరువాత చీపురు, చివరకు నీరు. మనవారు నీటితోనే మొదలుపెట్టుదురు. గొట్టము పట్టుకొని పేడను నీటితో తోసివేయుట చేతికి సుఖము. కాని పది కిలోల పేడ ఇట్లు వంద లీటర్ల మురుగగును. గట్టిగానున్న పేడను ఎత్తుట తేలిక. మురుగును ఎత్తజాలము, అది పల్లము వెతుకుకొని పోవును. రోజుకు రెండు మారులు పార తోడను, చీపురు తోడను ఎత్తినచో కడుగుటకు పట్టు నీరు చాల తగ్గును.

నేల గచ్చు చేయించునపుడు 5 అడుగులకు 1 అంగుళము వాలు ఉంచి, పశువుల వెనుక ఒక అడుగు వెడల్పున లోతు తక్కువ కాలువ తీసి, దానిని కాలువ గట్టు వైపు కాక వ్యతిరేక దిక్కున ఒక సిమెంటు తొట్టిలోనికి త్రిప్పవలెను. ఇప్పుడున్న పాకలలో వాలు కాలువ వైపే ఉన్నచో, వెనుక గోడ అడుగున నాలుగు అంగుళముల ఎత్తు ఇటుక కట్టు కట్టించి అడ్డు వేయవచ్చును. గచ్చు లేనివారు పశువుల క్రింద ఊక, చెరకు ఆకు, వేరుసెనగ పొట్టు, లేక ఎండిన మట్టి పరచినచో మూత్రమును పీల్చుకొనును. తడిసిన దానిని దినదినము పేడతో కలిపి ఎత్తవలెను. పశువు పొదుగు పొడిగా నుండును, పొదుగువాపు తగ్గును; ఈ లాభమును మాత్రము పాడిరైతులు వెంటనే ఒప్పుకొందురు.

తొట్టిలో చేరిన కడుగునీరు పచ్చిమేతకు అమృతము. నేపియరు గడ్డి గాని, పారాగడ్డి గాని నాలుగు సెంట్లలో పెట్టినను ఈ నీటితో కోతకు కోత వచ్చును. హైదరాబాదు దిగువన మూసీ వెంట ఎందరో పారాగడ్డి పెంచి, నగరపు పాడివారికి అమ్మి జీవించుచున్నారు. అయితే నగరపు మురుగులో ఫ్యాక్టరీల విషములు కలియు భయము కలదు. మీ పాక కడుగునీటిలో ఆ భయము లేదు. గడ్డి మడిలో నీరు నిలువ ఉండనీయక ఆరబెట్టుచు పారించవలెను. నిలిచినచో నత్తలు చేరును. పచ్చివి తిను ఆకుకూరలకు ఈ నీరు పెట్టరాదు.

గేదెకు చెమట పట్టు గ్రంథులు తక్కువ, చర్మము నలుపు. కావుననే ఎండవేళ నీరు కోరును. కాలువలో దింపవద్దని చెప్పి ఊరకుండినచో పాలు తగ్గును, పాడిరైతు నా మాట వినడు. పాకలోనే మధ్యాహ్నము రెండు మారులు, పితుకుటకు ముందు ఒక మారు నీరు చల్లుట, పై కప్పున గడ్డి పరచుట, గాలి ఆడనిచ్చుట చేయవలెను. గొట్టమునకు జల్లు మూత బిగించినచో తక్కువ నీటితోనే పని జరుగును.

గోబరు గ్యాసు, పెంటపోగు

స్థలమున్నవారికి గోబరు గ్యాసు మంచి సాధనము. 2 ఘనపు మీటర్ల తొట్టికి దినమునకు 50 కిలోల పేడ కావలెను. నాలుగు గేదెలున్న ఇంటికి సరిగా సరిపోవును. నలుగురైదుగురి వంటకు గ్యాసు వచ్చును. పైన ఇనుప డోలు తేలు రకమును ఖాదీ కమిషన్ వ్యాప్తిలోనికి తెచ్చినది. ఇటుకతో నేలలోనే కట్టు దీనబంధు రకము 1984లో వచ్చినది, దీనిలో తుప్పు పట్టు భాగములు లేవు. ఒక హెచ్చరిక: గ్యాసు తొట్టి పేడను మాయము చేయదు. 50 కిలోల పేడ, 50 లీటర్ల నీరు లోనికి పోయినచో దాదాపు అంత మడ్డియే బయటికి వచ్చును. ఆ మడ్డిని కాలువలోనికి వదలు చోట గ్యాసు తొట్టి ఉన్నను కాలువకు ఒరిగినది స్వల్పమే. మడ్డిని గడ్డి, చెత్త పొరల మీద పోసి పెంటపోగులో కలుపుట ఉత్తమము. సహాయధనము ఏ పథకము క్రింద లభించునో మీ రైతు సేవా కేంద్రములో అడిగి తెలిసికొనుడు.

ఇక పేడను అందుకొను ఊరి రైతు చేయవలసిన పని. పుస్తకములలో 20 నుండి 25 అడుగుల పొడవు, 5 లేక 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గుంట త్రవ్వమని వ్రాసియుండును. మెట్ట ప్రాంతములకు ఇది సరియైనదే. డెల్టాలో మాత్రము వానకాలమున మూడడుగులకే నీరు ఊరు పొలములెన్నో కలవు. అచ్చట గుంట త్రవ్వుట పెంటను నీటిలో నానబెట్టుటయే. కావున డెల్టా రైతు గట్టి మిట్టనేల మీద ఒక అడుగు ఎత్తు అరుగు చేసి, చుట్టును ఇటుకలతో గాని, మట్టితో గాని కట్టు కట్టి, ఆ కట్టులోనే పోగు వేసికొనవలెను. బావికి 50 అడుగుల దూరము తప్పనిసరి. కాలువ, బోదె దగ్గర పోగు వేయరాదు. పోగు నుండి ఊరిన నీరు ఎటు పోవునో మొదట చూచుకొని స్థలమును ఎంచుకొనవలెను.

పోగును ఒక్కసారిగా పరచివేయక, ఒక కొస నుండి మూడేసి అడుగుల చొప్పున నింపుకొని రావలెను. అడుగున వరిగడ్డి గాని, చెత్త గాని అర అడుగు, దానిపై పేడ, దానిపై మూత్రము పీల్చిన ఊక లేక మట్టి, మరల చెత్త. ఈ ప్రకారము వేసిన భాగము రెండున్నర అడుగుల ఎత్తు కాగానే గుమ్మటము వలె గుండ్రముగా చేసి, పేడ, మట్టి కలిపిన అడుసుతో మెత్తి, ప్రక్కనున్న మూడడుగులు మొదలు పెట్టవలెను. ప్రతి పొరకు కొంచెము సూపరు ఫాస్ఫేటు చల్లినచో నత్రజని ఆవిరియగుట తగ్గును, భాస్వరమును కలిసివచ్చును. తడి ఎంత ఉండవలెనందురా? పిడికిట పట్టి పిండినపుడు చేయి తడియవలెను, నీరు కారరాదు. లోపల వేడి 55 డిగ్రీలకు మించును. ఒక ఇనుప ఊచ గ్రుచ్చి, కొంతసేపుంచి తీసి, చేతితో పట్టుకొని చూడుడు. పట్టుకొనలేనంత వేడిగా ఉన్నచో పోగు చక్కగా కాగుచున్నది. ఆ వేడికి జలగ గ్రుడ్లు, ఈగ పురుగులు, కలుపు విత్తనములు నశించును. ఊచ చల్లగా వచ్చినచో తడి హెచ్చినదో, తగ్గినదో, గాలి లేదో చూచి పోగును ఒకసారి తిరుగవేయవలెను.

నాలుగైదు మాసములలో పెంట మాగును. చెత్త, గడ్డి తగినంత కలిపి శ్రద్ధతో చేసినచో, ఒక గేదె పేరు మీద ఏటా 5 టన్నుల వరకు పెంట తయారగును. ఎకరమునకు 4 టన్నుల చొప్పున అది ఒక ఎకరమునకు చాలును. జనవరిలో మూసిన భాగము మే నెలాఖరుకు సిద్ధము. తొలకరి దుక్కికి ముందు తోలి, కుప్పలుగా ఎండలో విడిచి పెట్టక, పరచిన దినముననే దున్ని కలియబెట్టవలెను. ఖాళీ అయిన అరుగు మీద, గడ్డి బండి తిరిగివచ్చిన నాడే, మరల మొదటి మూడడుగులు మొదలుపెట్టవలెను.